అడుగున ఏముంది?

రాయలసీమలో చెరువు నిండిందంటే ఊరికి పండగే. కట్ట మీద గంగమ్మకు టెంకాయ కొట్టి, మరువ పారుతుంటే చూడ్డానికి పిల్లాజెల్లా అంతా కదిలొస్తారు. కానీ పులివెందుల దగ్గర్లో ఒక చెరువు ఉంది. దాని మట్టం పెరుగుతుంటే చుట్టుపక్కల రైతులకు గుబులు. అందులో ఉండేది వాన నీరు కాదు... రాయిని పిండి చేసి యురేనియం తీసుకున్నాక మిగిలిన బురద! దాన్ని ఎలా దాచాలి? ఎవరు కొలవాలి? ఎన్నాళ్లు కాపలా కాయాలి? ఈ ప్రశ్నలకు సగం జవాబులు ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలోని ఓ బుల్లి దీవిలో ఉన్నాయి.

టన్ను రాయికి అర కిలో

అనంతపురం పీఠభూమి గురించి కొత్తగా చెప్పేదేముంది! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన కురిసే జిల్లాగా పేరు. కదిరి దాటి తూర్పుకు వెళ్లినా అదే ఎండ, అదే ఎర్ర నేల. వేరుశనగ చేలు, చీనీ తోటలు, బోరు బాగా పోసినచోట అరటి. కాలువ నీళ్లు అందని ప్రతి ఊరికీ బోరే దిక్కు. తాగాలన్నా, పశువులకు పెట్టాలన్నా, తోట బతకాలన్నా నేల కింది పగుళ్లలో దాగిన నీటినే తోడుకోవాలి.

అక్కడే, కడప జిల్లా వేముల మండలంలో ఉంది తుమ్మలపల్లె. ఈ ప్రాంతంలోని డోలమైటు సున్నపురాళ్ల పొరల్లో యురేనియం ఉందని అణు ఖనిజాల అన్వేషణ విభాగం ఎప్పుడో గుర్తించింది. ఈ పొర నేల కింద 160 కిలోమీటర్ల పొడవునా సాగిందని అంచనా. ఉందని తెలిసినా చాలాకాలం ఎవరూ తవ్వలేదు. కారణం... ఈ రాయిలో యురేనియం మరీ తక్కువ. టన్ను రాయిని తవ్వి తీస్తే అర కిలో కూడా రాదు. పైగా జార్ఖండ్‌లోని జాదూగూడలో చేసినట్టు ఆమ్లంతో కరిగిద్దామంటే, సున్నపురాయి ఆమ్లాన్నంతా తాగేస్తుంది. చివరికి సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ లాంటి క్షారాలతో, అధిక వేడి, పీడనాల దగ్గర యురేనియాన్ని కరిగించే పద్ధతి దొరికింది. దాంతో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (యూసీఐఎల్) రంగంలోకి దిగింది. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో కర్మాగారం పని మొదలుపెట్టింది.

అంతకు ముందు ఏడాది, 2011లో, అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ఓ మాట చెప్పారు. ఇక్కడ 49 వేల టన్నుల నిల్వలు ఖాయమయ్యాయనీ, అవి మూడింతలు కావచ్చనీ! ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటిగా తుమ్మలపల్లె పేరు పత్రికలకెక్కింది. ఇక్కడ తయారైన యురేనియం పదార్థం హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయానికి చేరుతుంది. అక్కడ శుద్ధి అయ్యాక రియాక్టర్లలోకి వెళ్తుంది.

వెళ్లేది కొంత... మిగిలేది కొండంత

రోజుకు 3 వేల టన్నుల రాయిని పిండి చేసే సామర్థ్యంతో ఈ కర్మాగారాన్ని కట్టారు. అందులోంచి వచ్చే యురేనియం ఒకటిన్నర టన్నుకు లోపే. మరి మిగతాదంతా ఏమవుతుంది? నీటితో కలిపిన బురదగా గొట్టాల్లో ప్రయాణించి కొట్టాల దగ్గరున్న లోయలోకి చేరుతుంది. కొండల మధ్య ఆనకట్ట కట్టి చేసిన ఆ చెరువునే ‘టెయిలింగ్ పాండ్’ అంటారు.

యురేనియం తీసేశాక ఇంక భయమెందుకని అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. యురేనియం రాయిలో ఒక్క యురేనియమే ఉండదు. కోట్ల ఏళ్లుగా అది క్షీణిస్తూ పుట్టించిన సంతానమంతా అదే రాయిలో ఉంటుంది. థోరియం-230, రేడియం-226, రాడాన్ వాయువు... ఇలా. కర్మాగారం ఈ కుటుంబంలోంచి పెద్దను మాత్రం తీసుకెళ్తుంది. పిల్లలు బురదలోనే ఉండిపోతారు. రాయిలో ఉన్న మొత్తం అణుధార్మికతలో సుమారు 85 శాతం బురదతోపాటే చెరువుకు చేరుతుందని లెక్క. రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు కావాలి. దాన్ని పుట్టించే థోరియం సగం కావాలంటే దాదాపు 75 వేల ఏళ్లు!

అలాగని చెరువు కట్ట మీద నిలబడితే ప్రాణం పోతుందని కాదు. ఇది బాంబు కాదు, రియాక్టర్ బూడిద అంతకన్నా కాదు. గాఢత తక్కువ, మోతాదు ఎక్కువ. అంటే ఒక్క రోజులో చేసే హాని గురించి కన్నా, ఏళ్ల తరబడి మూడు దారుల్లో జరిగే ప్రయాణం గురించే ఆలోచించాలి. మొదటిది గాలి. అంచులు ఎండితే సీమలో వీచే ఆషాఢ గాలులకు సన్నటి దుమ్ము లేస్తుంది. రెండోది రాడాన్ వాయువు. గనిలోపల అది పోగుపడకుండా పెద్ద పెద్ద ఫ్యాన్లతో గాలి ఆడించాలి. మూడోది, సీమవాసులకు అన్నిటికన్నా ముఖ్యమైంది... నీరు.

తెల్లబడిన అరటి మొదళ్లు

చెరువుకు దగ్గర్లోని పల్లెల రైతుల ఫిర్యాదులు ఆ నీటితోనే మొదలయ్యాయి. బోర్ల నీరు మారిపోయిందనీ, పారించిన చోటల్లా మట్టి మీద తెల్లటి పొర కడుతోందనీ, అరటి ఎదగకుండా ఎండిపోతోందనీ, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయనీ వాళ్లు అధికారుల చుట్టూ తిరిగారు. విశ్రాంత రసాయన శాస్త్రవేత్త కె.బాబూరావు 2018లో కాలుష్య నియంత్రణ మండలికి లేఖ రాశారు. చెరువు అడుగున నీరు ఇంకని పొర వేయలేదన్నది ఆయన అభ్యంతరం. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి యూసీఐఎల్‌కు నోటీసు ఇచ్చింది. అనుమతి ఇచ్చినప్పటి షరతులకు తగ్గట్టు అడుగు పొర లేదన్నది అందులో ప్రధానాంశం.

సంస్థ వాదన వేరు. చెరువు అడుగున ఉన్న బంకమట్టిని గట్టిపరిచామనీ, నీరు దిగకుండా అది సరిపోతుందనీ చెప్పింది. యురేనియం రాళ్లున్న ప్రాంతంలో బోరు నీటిలో యురేనియం కనిపించడం సహజమేననీ, దానికీ చెరువుకీ సంబంధం లేదనీ అంటూ వచ్చింది.

ఇందులో ఒక సంగతి నిజమే. సీమ నేల కింది నీటిలో రాళ్ల ఖనిజాలు కరగడం కొత్త కాదు. అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలను వంచిందో అందరికీ తెలుసు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చి 700కు పైగా గ్రామాలకు నీళ్లిచ్చేదాకా ఎంతోమందికి ఆ బోరు నీళ్లే గతి. ఫ్లోరైడ్‌ను ఏ కర్మాగారమూ కలపలేదు, రాయే ఇచ్చింది. యురేనియమూ అంతే కావచ్చు. లేదా చెరువులోంచీ రావచ్చు. రెండూ కలిసీ ఉండొచ్చు. తేల్చడమెలా? సరిగ్గా ఇలాంటి చిక్కుముడితోనే ఒకప్పుడు వేల మంది సైనికులు, వందల కొద్దీ యంత్రాలు ఓ దీవిలో దిగాయి.

43 బాంబుల దీవి

పసిఫిక్ మధ్యలో మార్షల్ దీవులున్నాయి. అందులో ఎనెవెటాక్ అన్నది ఒక ఉప్పునీటి సరస్సు చుట్టూ హారంలా పేర్చినట్టున్న 40 బుల్లి దీవుల సమూహం. 1947 డిసెంబరులో అమెరికా అక్కడి జనాన్ని, సుమారు 140 మందిని, ఉజెలాంగ్ అనే మరో దీవికి తరలించింది. 1948 నుంచి 1958 వరకు అక్కడ 43 అణుపరీక్షలు చేసింది. 1952 నవంబరు 1న తొలి హైడ్రోజన్ బాంబు ‘మైక్’ పేలినప్పుడు ఎలుగెలాబ్ అనే దీవి ఉన్నపళంగా మాయమైపోయింది.

1970ల్లో దీవుల వాళ్లు తమ ఊరు తమకిచ్చేయమని అడిగారు. ఇవ్వాలంటే ముందు శుభ్రం చేయాలి. శుభ్రం చేయాలంటే ముందు ఎక్కడ ఎంత విషముందో తెలియాలి. 1972-73ల్లో దీవుల మీద సమగ్ర సర్వే జరిగింది. మట్టి, నీరు, చేపలు, కొబ్బరికాయలు అన్నిటినీ పరీక్షించారు. ఆ తర్వాత 1977 నుంచి 1980 దాకా మూడేళ్లపాటు శుద్ధి పనులు సాగాయి. దాదాపు 4 వేల మంది సైనికులు విడతలవారీగా పాల్గొన్నారు.

పనిని పంచిన తీరు చూడదగ్గది. మట్టి చెక్కి ఎత్తిపోసింది సైన్యం. పడవలు నడిపింది నౌకాదళం. పనిచేసేవారి రక్షణ చూసే రేడియేషన్ బృందాన్ని వైమానికదళం నుంచి తీసుకున్నారు. గాలిని పీల్చి పరీక్షించే యంత్రాలు పెట్టడం, కూలీ దిగిన ప్రతివాడి ఒంటినీ బూట్లనూ తనిఖీ చేయడం వీళ్ల పని. ఇక ‘ఈ దీవి శుభ్రమైంది’ అని చెప్పే అధికారం మాత్రం మట్టి తవ్విన సైన్యానికి లేదు. అది ఇంధన శాఖ శాస్త్రవేత్తలది.

ప్లుటోనియానికి తోడుదొంగ

అక్కడి ప్రధాన శత్రువు ప్లుటోనియం. దాన్ని పట్టుకోవడం చాలా కష్టం. దాన్నుంచి వెలువడే ఆల్ఫా కణాలను ఒక కాగితం ముక్క ఆపేస్తుంది. కాబట్టి రెండు వేళ్ల మందాన మట్టి కప్పి ఉంటే మామూలు పరికరానికి అది అందదు. కానీ దుమ్ముతో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందో, అక్కడే తిష్ఠవేస్తుంది. ఎకరాల కొద్దీ నేలలో ప్రతి గుప్పెడు మట్టినీ ప్రయోగశాలకు పంపడం అయ్యే పని కాదు.

అప్పుడు శాస్త్రవేత్తలు ఒక ఉపాయం పన్నారు. ప్లుటోనియం ఉన్నచోట అమెరీషియం-241 అనే మూలకం కూడా ఉంటుంది. అది గామా కిరణాలను విడుదల చేస్తుంది. వాటిని పైనుంచే పట్టుకోవచ్చు. గొలుసు చక్రాల బండికి పొడవాటి చేయి కట్టి, దాని చివర జర్మేనియం డిటెక్టర్ వేలాడదీసి దీవంతా తిప్పారు. తోడుదొంగ ఎంత కనిపిస్తే, అసలు దొంగ ఎంతున్నాడో లెక్కకట్టారు. కొన్నిచోట్ల మట్టి తీసి ప్రయోగశాలలో సరిచూసుకున్నారు. నివాసం ఉండే దీవుల్లో గ్రాము మట్టికి 40 పికోక్యూరీలు, సాగుచేసే దీవుల్లో 80, అప్పుడప్పుడూ కొబ్బరికాయలకో పక్షి గుడ్లకో వెళ్లొచ్చే దీవుల్లో 160... ఇలా హద్దులు పెట్టుకున్నారు.

లెక్కలు ఇంత పకడ్బందీగా ఉన్నా, మనుషుల విషయంలో లోపాలు జరిగాయి. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదు చేయాల్సిన ఫిల్మ్ బ్యాడ్జీలు ఆ ఎండకూ తేమకూ చాలావరకు పాడయ్యాయి. తమకు సరైన రక్షణ దుస్తులు కూడా ఇవ్వలేదనీ, నిక్కర్లతోనే పనిచేశామనీ తర్వాతి కాలంలో ఎందరో మాజీ సైనికులు చెప్పారు. తమ జబ్బులకు ఆ పనే కారణమన్న వాళ్ల మొర ఆలకించడానికి అమెరికా ప్రభుత్వానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 2022లో వచ్చిన ‘ప్యాక్ట్’ చట్టం, 1977-80 మధ్య ఎనెవెటాక్‌లో పనిచేసినవారిని రేడియేషన్ బారిన పడ్డవారిగా గుర్తించింది.

గుమ్మటం ఉంది... అడుగు లేదు

చెక్కిన మట్టినంతా ఎక్కడ పెట్టాలి? రూనిట్ అనే దీవిలో 1958లో ‘కాక్టస్’ బాంబు తవ్విన గొయ్యి ఉంది. 70 వేల ఘనపు మీటర్లకు పైగా మట్టిని, శిథిలాలను అందులో పోశారు. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 7 వేల టిప్పర్లు! దానిపైన 18 అంగుళాల మందాన కాంక్రీటు పలకలతో, సుమారు 115 మీటర్ల వెడల్పున ఒక గుమ్మటం కట్టారు. ఆకాశంలోంచి చూస్తే బోర్లించిన మూకుడులా ఉంటుందది.

పైన కప్పు ఉంది కానీ, అడుగున ఏ పొరా వేయలేదు. గొయ్యి అడుగు పగుళ్లువారిన పగడపు రాయి. సముద్రం పోటెత్తినప్పుడు నీరు లోపలికి వస్తుంది, ఆటుకు తిరిగి వెళ్తుంది. ప్లుటోనియం-239 సగం కావాలంటే 24 వేల ఏళ్లు కావాలి. కాంక్రీటు ఆయుష్షు అందులో ఎన్నో వంతు? 2012లో అమెరికా ఒక చట్టం చేసింది. గుమ్మటాన్నీ, దాని కింది నీటినీ క్రమం తప్పకుండా పరీక్షించే బాధ్యతను ఇంధన శాఖకు అప్పగించింది. గుమ్మటం ఇప్పటికిప్పుడు కూలిపోయే స్థితిలో లేదని 2020లో ఆ శాఖ నివేదిక ఇచ్చింది. పక్కనున్న సరస్సు అడుగు మట్టిలో, గుమ్మటంలో ఉన్నదానికన్నా చాలా ఎక్కువ ప్లుటోనియం ఎప్పటినుంచో ఉందని కూడా చెప్పింది.

దీవుల వాళ్లు 1980లో తిరిగొచ్చారు... సగం ఊరికి. దక్షిణం వైపు దీవుల్లోనే ఇళ్లు. ఉత్తరాన ఎన్జెబీ కుటుంబాలు తమ నేలకు వెళ్లలేకపోయాయి. అక్కడి కొబ్బరి చెట్లు మట్టిలోని సీజియాన్ని పొటాషియం అనుకుని పీల్చుకుంటాయి మరి! రూనిట్‌లో ఎవరూ ఉండకూడదు.

సీమ నేర్చుకోవాల్సింది

తుమ్మలపల్లె ఎనెవెటాక్ కాదు. అక్కడ బాంబులు పేలలేదు, బురదలో ప్లుటోనియమూ లేదు. కానీ, అణుధార్మిక మట్టిని ఒకచోట పోసి తరాలపాటు కాపాడాల్సి వచ్చినప్పుడు ఎదురయ్యే ప్రశ్నలు రెండుచోట్లా ఒకటే.

మొదటిది, ముందుగా కొలవడం. పని మొదలవకముందు ఏ బోరులో ఎంత యురేనియం, ఎంత సోడియం ఉన్నాయో ఊరిపేరుతో సహా లెక్క ఉంటేనే ఆ తర్వాతి మార్పు తెలుస్తుంది. పాత లెక్క ఊరివాళ్ల చేతిలో లేకపోతే ‘సహజం’ అన్న మాటనూ, ‘చెరువు పాపం’ అన్న మాటనూ నమ్మడమో మానడమో తప్ప తేల్చుకునే దారి ఉండదు.

రెండోది, తోడుదొంగను వెతకడం. ఈ కర్మాగారంలో వాడేది సోడియం క్షారాలు. బోరులో యురేనియం ఒక్కటే పెరిగితే రాయి మీద అనుమానం. దాంతోపాటు సోడియం కూడా ఏటా పెరుగుతూ పోతే చెరువు వైపు చూడాలి. పైగా కార్బొనేట్లున్న నీటిలో యురేనియం తేలిగ్గా కరిగి ప్రయాణిస్తుంది. ఇంకో సంగతి... అరటి ఎండిందంటే రేడియేషనే అనుకోనక్కర్లేదు. సోడియం మితిమీరిన నీరు నేలను గట్టిపరిచి వేళ్లకు ఊపిరాడనివ్వదు. రైతుకు కారణం ఏదైనా నష్టం నష్టమే. కానీ కారణం తెలిస్తేనే మందు తెలుస్తుంది. సీమ నేల కింద నీరు ఇసుకలో ఇంకినట్టు సమంగా పారదు, రాతి పగుళ్ల వెంట పోతుంది. అందుకే ఒక బోరు బాగున్నంత మాత్రాన పక్క బోరు బాగున్నట్టు కాదు. నాలుగు నమూనాలతో తేలే పని కాదిది.

మూడోది, కొలిచేదెవరు? మన దగ్గర గనుల్లో, పరిసరాల్లో రేడియేషన్ కొలతలు భాభా అణు పరిశోధన కేంద్రం ఆరోగ్య భౌతికశాస్త్ర విభాగం చూస్తుంది. నిబంధనలు పెట్టేది అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ). కార్మికుడికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, మామూలు జనానికి 1 మిల్లీసీవర్ట్ మించకూడదన్నది నియమం. కార్మికుల ఛాతీకి తగిలించే టీఎల్‌డీ బ్యాడ్జీలను మూడు నెలలకోసారి పరీక్షిస్తారు. ఈ ఏర్పాట్లలో నైపుణ్యానికి కొదవ లేదు. కొదవంతా నమ్మకానికే. తవ్వే సంస్థ, కొలిచే సంస్థ ఒకే అణుశక్తి గొడుగు కింద ఉన్నప్పుడు, ‘అంతా బాగుంది’ అన్న కాగితం చేతికొచ్చినా రైతుకు గుండె కుదుటపడదు. నియంత్రణ మండలికి తగినంత స్వతంత్రత లేదని 2012లో కాగ్ కూడా తన నివేదికలో వేలెత్తి చూపింది. ఒకే నీటి నమూనాను రెండు మూడు వేర్వేరు ప్రయోగశాలలకు పంపి, ఫలితాలను తెలుగులో రాసి ఊరి సచివాలయం గోడకు అంటిస్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి. మిగతా సగం నిజమైతే, అవీ అక్కడే బయటపడతాయి.

నాలుగోది, ఎన్నాళ్లు? గని ఏదో ఒకనాటికి మూతపడుతుంది. అప్పుడు చెరువును మట్టితో కప్పి, గడ్డి పెంచి, కంచె వేసి, చుట్టూ బావుల్లో నీటిని పరీక్షిస్తూనే ఉండాలి. ఆ ఖర్చు ఎవరిది? లెక్కల పుస్తకం ఎవరి దగ్గరుంటుంది? రూనిట్‌ విషయంలో ఈ బాధ్యతను చట్టంలో రాయడానికి గుమ్మటం కట్టాక మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. తుమ్మలపల్లెలో ఆ రాతకోతలు గని నడుస్తుండగానే, సంస్థకు ఆదాయం ఉండగానే జరగాలి.

ఎందుకంటే ఎనెవెటాక్ చుట్టూ సముద్రముంది. తాగడానికి అక్కడ వాన నీరు పట్టుకుంటారు. వేముల మండలంలో వాన ఎప్పుడొస్తుందో తెలియదు. బోరులో ఉన్నవే నీళ్లు.

బోరు నీళ్లు తాగుతున్నారా?

• తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా ఇదే హద్దు పెట్టింది.

• నీటిలోని యురేనియంతో మొదట దెబ్బతినేవి మూత్రపిండాలు. రేడియేషన్ కన్నా దాని రసాయన గుణమే ఎక్కువ హాని చేస్తుంది.

• రంగు, రుచి, వాసనలతో దీన్ని గుర్తించలేం. ప్రయోగశాలలో పరీక్షే మార్గం. ఫ్లోరైడ్ పరీక్షతోపాటు యురేనియం పరీక్షనూ అడిగి చేయించుకోవాలి.

• నీళ్లు కాచితే యురేనియం పోదు. ఆవిరైనకొద్దీ గాఢత పెరుగుతుంది. క్యాండిల్ ఫిల్టర్లూ దీన్ని ఆపలేవు. ఆర్వో యంత్రాలు చాలావరకు తొలగిస్తాయి. అందులోంచి బయటికొచ్చే వృథా నీటిని మాత్రం వంటకూ, పశువులకూ వాడకూడదు.

• వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి పరీక్ష చేయించి తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. రేపు ఎవరితో మాట్లాడాల్సి వచ్చినా ఆ కాగితమే ఆధారం.